ఎండకు మీట పెట్టిన కథ

మనవాళ్ళు ఎండకి పెట్టుకున్న పేర్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. లేత ఎండ, నీరెండ, ముదురెండ, చుర్రుమనే ఎండ, నిప్పులు చెరిగే ఎండ. ఇవన్నీ కవులు కల్పించిన మాటలని మీరనుకుంటున్నారేమో, నేనొప్పుకోను. వీటి అవసరం కవులకన్నా, వడియాలు పెట్టుకునే ఆడవాళ్ళకీ బట్టలారేసుకునే ఆడవాళ్ళకీ ఎక్కువ.

దుప్పట్లూ తువాళ్ళూ నిప్పులు చెరిగే ఎండలో పడేసినా ఏం కాదు. రంగు చీరయితే తిరగేసి నీరెండలో వెయ్యాలి. పట్టుచీరని నీడపట్టున, గాలి ఆడేచోట ఆరెయ్యాలి. ఊలు శాలువాని దండెం మీద వేలాడేస్తే సాగిపోతుంది గనక చాప మీద పరవాలి. గంజిపెట్టిన నేతచీర పెళపెళలాడే దాకా వుంచకుండా, ఇంకా కాస్త చెమ్మ వుండగానే తీసి మడత పెట్టుకోవాలి. ఈ శాస్త్రాన్ని ఎవరూ గ్రంథంగా రాయలేదు. అమ్మ నోటినుంచి కూతురికీ, అత్తగారి నోటినుంచి కోడలికీ, మధ్య మధ్య రెండు చివాట్లతో సహా దిగుతూ వచ్చింది.

ఇప్పుడా శాస్త్రమంతా ఓ ఇనపపెట్టె మొహాన తిరిగే చిన్న మీటలోకొచ్చి కూర్చుంది. ఆ పెట్టె పేరు డ్రయ్యర్. అమెరికాలో వున్న మన పిల్లల ఇళ్ళల్లో అది ఎప్పట్నుంచో వుంది. హైదరాబాదు, విశాఖపట్నం అపార్టుమెంట్లలోకి కూడా, వుతికేదీ ఆరబెట్టేదీ ఒకటే అయిన యంత్రం రూపంలో, మెల్లగా అడుగుపెడుతోంది. బాల్కనీలో దండెం కట్టుకోవడానికి జానెడు చోటు లేకపోతే మరేం చేస్తాం!

ఆ మీట మీద హై, పర్మనెంట్ ప్రెస్, డెలికేట్, ఎయిర్ ఫ్లఫ్ అని వుంటాయి. ఒక్కో కంపెనీవాడు ఒక్కో పేరు పెట్టినా వరస మాత్రం ఇదే. అంటే ఎక్కువ వేడి, మధ్యరకం, తక్కువ, చివరిదేమో అసలు వేడే లేని వట్టి గాలి. చాలామంది తొందరగా ఆరిపోతాయి కదా అని మీటని హై దగ్గర పెట్టి, తమ పని చూసుకుంటారు. ఆ మాటలు ఎందుకొచ్చాయో తెలిస్తే అలా పెట్టబుద్ధి కాదు. ఎందుకంటే ఆ మీట మీద వున్న ప్రతి మాటా ఏదో ఒక బట్ట పాడయ్యాక రాసుకున్న మాటే. నేను ఆ మీటని చరిత్ర పుస్తకంలాగే చదువుతాను. మీరూ నాతో చదవండి.

మొదటి పేజీలో నిప్పు వుంది. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో పోషాన్ అనే ఆయన ఒక ఇనపడ్రమ్ముకి చుట్టూ చిల్లులు పొడిచి, చేతిపిడి బిగించాడు. అందులో తడిబట్టలు కుక్కి, మండుతున్న పొయ్యి మీద తిప్పాలి. కాఫీగింజలు వేయించే డ్రమ్ముని తలుచుకోండి, సరిపోతుంది. బట్టలు ఆరేవి. కానీ పొగచూరు కంపు కొట్టేవి, మసి అంటేది, ఒక్కోసారి మాడేవి కూడా. అంటే మొట్టమొదటి డ్రయ్యర్‌కి వేడి తగ్గించే మీట లేదన్నమాట. పొయ్యిలో కట్టె వెనక్కి లాగడమే మీట.

తరవాత దాదాపు వందేళ్ళ దాకా చలిదేశాల ఇళ్ళల్లో బట్టలు పొయ్యి చుట్టూనే ఆరాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ నగరంలో జార్జి శాంప్సన్ అనే నల్లజాతి ఆవిష్కర్త వుండేవాడు. పొయ్యికి దగ్గరగా బట్టలు వేలాడదీసుకునే చట్రం ఒకటి తయారుచేసి, 1892 జూన్ 7న దానికి పేటెంటు తీసుకున్నాడు. అవసరమైనప్పుడు దగ్గరికి జరుపుకోవచ్చు, అక్కర్లేనప్పుడు పక్కన పెట్టెయ్యొచ్చు. చూడ్డానికిది చిన్న సంగతే. కానీ నిప్పుకీ బట్టకీ మధ్య ఎంత దూరం వుండాలన్న ఆలోచన మొదలైందే, అది గొప్ప. మన వంటింట్లో వర్షాకాలం పసిపిల్లల గుడ్డలు కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరేసిన తల్లులకి ఆ దూరం విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

అసలు డ్రయ్యర్ కథ మాత్రం ఒక కొడుకు తల్లి కష్టం చూడలేకపోవడంతో మొదలైంది. అమెరికా ఉత్తర సరిహద్దులో నార్త్ డకోటా అనే రాష్ట్రం వుంది. అక్కడ చలికాలంలో బయట ఆరేసిన బట్టలు గడ్డకట్టి అట్టముక్కల్లా అవుతాయి. ఆ గాలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే తల్లి బట్టలారేసుకోవడం చూసిన రాస్ మూర్ అనే యువకుడు, ఇరవయ్యో శతాబ్దం తొలిరోజుల్లోనే, పాకలో ఒక డ్రమ్ము పెట్టి దానికింద నూనె పొయ్యి అమర్చాడు. దాన్ని గ్యాసుతో, కరెంటుతో నడిచేలా చెయ్యడానికి ఏళ్ళకి ఏళ్ళు పట్టింది. కంపెనీల గడపలెక్కి దిగాడు. చివరికి విస్కాన్సిన్ రాష్ట్రంలోని హామిల్టన్ కంపెనీ ఒప్పుకుని, 1938లో ఆ యంత్రాన్ని బజారులో పెట్టింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'జూన్ డే'. ఆ దేశంలో జూన్ నెలంటే హాయైన ఎండ. చూశారా, ఇనపపెట్టెకి కూడా ఎండ పేరే పెట్టాల్సి వచ్చింది!

ఆ యంత్రానికి రూపం దిద్దిన బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనరు మరో చమత్కారం చేశాడు. తలుపుకి అద్దం పెట్టండి, కొట్లో ప్రదర్శనకి పెట్టినప్పుడు లోపల రంగురంగుల నిక్కర్లు వేసి తిప్పండి, జనం ఆగి చూస్తారు అన్నాడు. ఆగి చూశారు కూడా. అమ్మకం విద్య అదీ!

ఇక్కడ చరిత్రని కాసేపు పక్కన పెట్టి, ఆ అద్దం వెనక ఏం జరుగుతుందో చూద్దాం. తడిబట్టకి వేడిగాలి తగిలినప్పుడు ఆ వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది. అందువల్ల బట్టలో తడి వున్నంతసేపూ, చుట్టూ వున్న గాలి ఎంత వేడిగా వున్నా బట్ట అంత వేడెక్కదు. కుండలో నీళ్ళు చల్లబడే కిటుకే ఇది. తడి అయిపోయిన క్షణం నుంచీ మాత్రం కాపాడేవాళ్ళుండరు. బట్ట గబగబా ఆ గాలంత వేడీ ఎక్కుతుంది. కాబట్టి బట్ట పాడయ్యేది మొదటి అరగంటలో కాదండీ, చివరి పది నిమిషాల్లో.

ఇంకో రహస్యం చెబుతాను. మనం 'పూర్తిగా ఎండింది' అనుకునే బట్టలో కూడా నీరుంటుంది. మామూలు తేమ వున్న గాలిలో వంద గ్రాముల నూలు ఎనిమిది గ్రాముల దాకా నీటిని తనలో దాచుకుంటుంది. పట్టు పదకొండు, ఊలు పదహారు గ్రాముల దాకా దాచుకుంటాయి. పాలియెస్టర్ అర గ్రాము కూడా దాచుకోదు. ఆ కాస్త నీరే నూలుకీ పట్టుకీ ప్రాణం. మెత్తదనం దానివల్లే, ఒంటికి చల్లగా తగలడమూ దానివల్లే. హై మీద పెట్టి మరిచిపోయిన డ్రయ్యర్ ఆ చివరి నీటిని కూడా పీల్చేస్తుంది. అప్పుడు పోగు పెళుసెక్కుతుంది. డ్రమ్ములో దొర్లుతూ ఒకదానికొకటి రాసుకుని చివర్లు విరుగుతాయి. డ్రయ్యర్ లోపలి జల్లెడ మీద దూదిపింజెలా నూగు పేరుకుంటుంది చూశారూ, అది మురికి కాదు. మన బట్టే! ప్రతిసారీ చీర కొంచెం, తువాలు కొంచెం ఆ జల్లెడలోకి వెళ్ళిపోతుంటాయి. చెమ్మ వుండగానే మడత పెట్టమన్న అత్తగారి మాటకి ఇంతకన్నా శాస్త్రీయమైన సమర్థన నేనెక్కడా చూడలేదు.

సరే, మళ్ళీ చరిత్రలోకి వద్దాం. హై అన్నది నూలు బట్టల కాలం నాటి మాట. నూలుకి వేడి తట్టుకునే శక్తి వుంది, కానీ కుదించుకుపోయే బుద్ధీ వుంది. మిల్లులో నేసేటప్పుడు, రంగు వేసేటప్పుడు పోగుని లాగి బిగిస్తారు. తడీ, వేడీ, కుదుపూ మూడూ కలిసేసరికి ఆ పోగు తన అసలు పొడుగుకి తిరిగిపోతుంది. డ్రయ్యర్లు ఇళ్ళల్లోకి రాకముందే ఈ చిక్కు చొక్కాల కంపెనీలని ఏడిపించింది. అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన, బట్టని ముందే మిల్లులో కుదించేసి అమ్మితే సరి అని కనిపెట్టాడు. అది 1930 నాటి సంగతి. మన పాప్లిన్ తానుల అంచున 'శాన్‌ఫరైజ్డ్' అని ముద్ర వుండేది, జ్ఞాపకం వుందా? అది ఈయన పేరే. జాకెట్టు గుడ్డ కొనేముందు ఆ ముద్ర కోసం వెతికిన మనలో ఎంతమందికి ఆ పేరుగల మనిషొకడున్నాడని తెలుసు!

తరవాతి పేజీలో కొత్త బట్టలొచ్చాయి. 1940లో అమెరికా అంతటా నైలాను మేజోళ్ళు అమ్మకానికొచ్చాయి. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలు పాలియెస్టర్ పోగు తీశారు. అదే టెరిలిన్. మన దగ్గర కూడా టెరిలిన్ చొక్కా అంటే పెళ్ళికొడుకు హోదా అయిన రోజులున్నాయి. దాన్ని చాకలి ఉబ్బలో వెయ్యనిచ్చేవారు కాదు. బొగ్గుల ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువసేపు ఆనితే చొక్కా పెట్టెకే అంటుకుపోయేది. ఎందుకంటే అది నూలులాగా మాడేది కాదు, కరిగేది. కరగడానికి చాలా ముందే, 70, 80 డిగ్రీల మధ్యే, అది లోలోపల మెత్తబడటం మొదలుపెడుతుంది. అంత వేడిలో డ్రమ్ములో ముద్దగా పడి అలాగే చల్లారిందో, ఆ ముద్దలోని ప్రతి ముడతా శాశ్వతంగా అచ్చుపడుతుంది. తరవాత ఎంత ఇస్త్రీ చేసినా పోనంటుంది.

అటు నూలువాళ్ళు వూరుకుంటారా? టెరిలిన్ దెబ్బకి నూలు గిరాకీ పడిపోతుంటే, ముడతపడని నూలు కోసం అమెరికా వ్యవసాయశాఖ పరిశోధనశాలలో పని జోరుగా సాగింది. ఆ పని చేసిన వాళ్ళలో న్యూ ఆర్లియన్స్‌కి చెందిన రూత్ బెనెరిటో అనే రసాయనశాస్త్రవేత్తని మనం, ముఖ్యంగా ఆడవాళ్ళం, గుర్తుంచుకోవాలి. నూలు పోగులో పొడుగాటి గొలుసులుంటాయి. నీరు తగిలితే అవి ఒకదానిమీంచి ఒకటి జారి, ఆరేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ కరుచుకుంటాయి. ముడతంటే అదే. ఆ గొలుసుల మధ్య నిచ్చెనకి మెట్లు వేసినట్టు అడ్డంగా రసాయన బంధాలు వేస్తే అవి జారవు. ఆవిడా, ఆవిడతో పనిచేసిన వాళ్ళూ చేసింది ఇదే. 55 పేటెంట్లు సంపాదించి, 2013లో, 97వ ఏట కన్నుమూసిన ఆ మనిషి, ఇదంతా నేను ఒక్కదాన్నే కనిపెట్టానని అనకండి, చాలామంది కలిసి చేశాం అని చెబుతూ వచ్చేది. ఎంతమంది మగమహానుభావులు అలా అన్నారో మీరే లెక్క వేసుకోండి.

1960ల మధ్యకి ఇస్త్రీ అక్కర్లేని ప్యాంట్లూ చొక్కాలూ అమెరికా బజారు నిండా వచ్చాయి. వాటిని 'పర్మనెంట్ ప్రెస్' అన్నారు. శాశ్వతంగా ఇస్త్రీ అయినవని అర్థం. అయితే ఆ శాశ్వతత్వం పాత డ్రయ్యర్‌లో ఒక్క పూట కూడా నిలిచేది కాదు. అందుకని యంత్రాలవాళ్ళు మీట మీద కొత్త గీత గీశారు. దాంట్లో మధ్యరకం వేడి వుంటుంది. అంతకన్నా ముఖ్యంగా, చివరి నిమిషాల్లో వేడి ఆపేసి వట్టి చల్లగాలితో దొర్లిస్తుంది. బట్ట ముద్దగా పడి చల్లారకుండా, కదులుతూ చల్లారుతుందన్నమాట. ఈనాడు మనం కట్టే సింథటిక్ చీరలకీ, టెరికాటన్ చొక్కాలకీ, పిల్లల స్కూలు యూనిఫారాలకీ తగినది ఆ గీతే. అర్థంకాని ఇంగ్లీషు పేరు చూసి బెదిరి, పక్కనున్న హై దగ్గరికి వెళ్ళకండి.

డెలికేట్ అన్న మాట వెనక ఒకటి కాదు, చాలా బట్టల మొర వుంది. ఊలు పోగు మీద చేపకున్నట్టు పొలుసులుంటాయి. తడి, వేడి, కుదుపు కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని విడవవు. నాన్నగారి స్వెట్టరు మనవడికి సరిపోయేంతవుతుంది. ఎలాస్టిక్ సంగతి సరేసరి. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ తయారుచేసిన సాగే పోగు ఇప్పుడు లెగ్గింగులు, జీన్సు, లోదుస్తులు అన్నిటిలో చేరిపోయింది. దానికి వేడి శత్రువు. పదేపదే వేడి తగిలితే పట్టు సడలి, వేలాడిపోతుంది. ఇక పట్టుబట్టకి వేడి చేసే హాని ఒకటైతే, డ్రమ్ములో దొర్లడం వల్ల జరిపోగుకి జరిగే హాని మరొకటి. మీట ఏ గీత మీద పెట్టినా ఆ రెండోది తప్పదు. కాబట్టి జరీ వున్నదేదీ ఆ తలుపు దాటి లోపలికి వెళ్ళకూడదు.

ఇక్కడ మన గద్వాల చీర గుర్తొస్తుంది. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ నేతలోనే ముడివేస్తారు. దానికి ఏ వేడి? నూలుకి తగిన వేడి పెడితే పట్టు ఏడుస్తుంది. పట్టుకి తగినట్టు నీడపట్టున ఆరేస్తే నూలు కొంచెం ఆలస్యంగా ఆరుతుంది, అంతే. బలమున్నది కాస్త ఓపిక పడితే బలహీనమైనది బతుకుతుంది. ఏ బట్టలోనైనా, ఏ మూటలోనైనా, అన్నిటికన్నా సుకుమారమైనది ఏదో చూసి దానికి తగ్గట్టు మీట తిప్పాలి. ఉమ్మడి కాపురాలు నడిపిన వాళ్ళకి ఈ సూత్రం కొత్తదేం కాదు.

ఇన్ని రకాల బట్టలొచ్చాక, ఏది దేనికి తట్టుకుంటుందో అమ్మ చెప్పడం సాధ్యం కాదు. అమ్మకే తెలియని బట్టలు కదా! అందుకే 1963లో పారిస్‌లో గినెటెక్స్ అనే సంస్థ ఏర్పడి, బట్టల చీటీల మీద వేసే బొమ్మలకి ఒక పద్ధతి పెట్టింది. అమెరికా ప్రభుత్వం 1971లో నిబంధన చేసి, మరుసటి ఏడాది నుంచి ప్రతి దుస్తు మీదా దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పే చీటీ కుట్టాల్సిందేనంది. మెడవెనక గుచ్చుకుంటోందని మనం కత్తిరించి పారేస్తామే, ఆ చీటీయే. దాని మీద చతురస్రం, అందులో సున్నా వుంటే డ్రయ్యర్ అని అర్థం. సున్నాలో రెండు చుక్కలుంటే మామూలు వేడి, అంటే బయటికొచ్చే గాలి 80 డిగ్రీలు దాటకూడదు. ఒక్క చుక్క వుంటే 60 దాటకూడదు. అమెరికా చీటీల మీద మూడు చుక్కలు కూడా కనిపిస్తాయి. అది బాగా ఎక్కువ వేడి. ఇంటూ కొట్టి వుంటే ఆ పెట్టె జోలికే పోవద్దని.

ఇంతకీ ఈ యంత్రం వల్ల ఆడదానికి సుఖం దక్కిందా? రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో అచ్చయిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' అన్న పుస్తకంలో అమెరికా ఇళ్ళల్లో యంత్రాల కథ అంతా తవ్వి చూసింది. యంత్రాలు శ్రమలో బరువు తగ్గించాయి గానీ, గృహిణి గడియారంలో గంటలు తగ్గించలేదని తేల్చింది. బట్టలు ఆరబెట్టడం తేలికైనకొద్దీ రోజూ మార్చే బట్టలు పెరిగాయి. వారానికో మూట రోజుకో మూటయింది. ఆ తొందరే మీటని హై మీదికి తోస్తుంది. వేడి ఎక్కువైతే బట్ట తొందరగా చివుకుతుంది, కొత్తది కొనాలి, అదీ వుతకాలి. నన్నడిగితే, మీటని ఒక గీత తగ్గించడమంటే ఆ పరుగుని ఒక అడుగు తగ్గించడం.

విచిత్రమేమిటంటే, ఎండ దండిగా కాసే చోట్ల కూడా అమెరికాలో చాలా కాలనీలవాళ్ళు పెరట్లో దండెం కట్టకూడదని నియమం పెట్టుకున్నారు. చూడ్డానికి బీదగా వుంటుందట. అక్కడ కాపురాలు పెట్టిన మన అమ్మాయిలు, దేశం నుంచి వచ్చిన అమ్మ చీరని పెరట్లో పరవబోతే, 'ఇక్కడ కుదరదమ్మా' అని ఆపేది అందుకే. దండెం మా హక్కు అని కొందరు పట్టుబట్టగా, వెర్మాంట్ వంటి రాష్ట్రాలు అలా నిషేధించడం కుదరదని చట్టం చేశాయి. వెర్మాంట్ చట్టం 2009లో వచ్చింది. బట్టలు ఆరేసుకోవడానికి చట్టం కావాల్సి రావడం మన బామ్మలు వింటే నవ్వి చచ్చేవారు.

యంత్రాలకి కూడా బుద్ధొచ్చింది లెండి. 1990ల చివరి నుంచి యూరప్‌లో హీట్‌పంపు డ్రయ్యర్లని కొత్తరకం వచ్చాయి. అవి వేడిగాలిని బయటికి వదలకుండా అందులోని తేమని పిండేసి, ఆ గాలినే మళ్ళీ తిప్పుతాయి. తక్కువ వేడి, తక్కువ కరెంటు, ఎక్కువ సమయం. పోషాన్ పొయ్యి నుంచి రెండు వందల ఏళ్ళు వేడి కోసం వెంపర్లాడి, చివరికి 'నిదానంగా ఆరనివ్వండి' అన్న చోటికి వచ్చి చేరారు.

కాబట్టి అమ్మాయిలూ, తువాళ్ళూ దుప్పట్లూ తప్ప మరేదీ హై మీద పెట్టకండి. బరువు బట్టలు వేరు, పల్చటివి వేరు చెయ్యండి. జేబుల దగ్గర, నడుం పట్టీ దగ్గర కాస్త చెమ్మ తగులుతున్నప్పుడే ఆపేసి, చేత్తో దులిపి గాలికి వెయ్యండి. జల్లెడలో నూగు ప్రతిసారీ తీసెయ్యండి. అది పేరుకుంటే నిప్పంటుకునే ప్రమాదం కూడా వుంది. మంచి చీరల మాట వస్తే, చీటీల మీది బొమ్మల్లో నాకు మహా ఇష్టమైనది ఒకటుంది. చతురస్రం, లోపల నిలువు గీత, ఎడమ పక్క పై మూలలో ఏటవాలుగా ఓ చిన్న గీత. కొన్ని దేశాల్లో ఆ ఏటవాలు గీతలు రెండు. ఎంతోమంది నిపుణులు కూర్చుని ఖరారు చేసిన ఆ బొమ్మకి అర్థం ఏమిటో తెలుసా? 'దండెం మీద, నీడపట్టున ఆరెయ్యండి.'